వెలుగును నిలిపిన రేణువు

బిజాపురంలోని గోల్‌గుంబజ్ చూడబోయినవారు తప్పక చేసే పని ఒకటి ఉన్నది. ఇరుకైన మెట్లెక్కి పైకి పోయి, గుమ్మటం లోపలి అంచున ఉన్న వసారాలో ఒకరు గోడకు చెవి ఆనించి నిలుచుంటారు. ఇంకొకరు సగం వలయం చుట్టి ఆవలి వైపునకు చేరి, గోడవైపు ముఖం పెట్టి, రహస్యం చెప్పినట్లు ఒక మాట పలుకుతారు. నడుమ ఉన్న అంతటి శూన్యాన్ని లెక్కచేయక ఆ మాట చెవిలో ఊదినట్లు వినిపిస్తుంది. మహమ్మద్ ఆదిల్‌షా 1656లో మరణించినాడు. ఆయన సమాధిపై నిలిచిన ఆ గుమ్మటం మాత్రం నేటికిని పిల్లల గుసగుసలను మోస్తూనే ఉన్నది.

లండన్ నగరంలోని సెయింట్ పాల్ దేవాలయపు గుమ్మటంలోను ఈ వింతయే కలదు. దాని మర్మాన్ని లార్డ్ రేలీ విప్పినాడు. ధ్వని గుమ్మటపు నడిమి ఖాళీ గుండా రావడం లేదనీ, వంపు తిరిగిన గోడను అంటిపెట్టుకొని, పట్టు విడువక పాకిపోతున్నదనీ తెలిపి, 1910లో ఆ సంగతిని గణితరూపంలో పెట్టినాడు. విశాఖపట్టణంలో బాల్యం గడిపిన చంద్రశేఖర వెంకటరామన్ 1921లో ఇంగ్లండుకు పోయినప్పుడు ఆ గుమ్మటం లోపల నిలిచి స్వయంగా పరీక్షలు చేసినాడు. స్వదేశానికి తిరిగివచ్చిన పిమ్మట బిజాపురపు గుమ్మటాన్నిగూడ పరిశీలించినాడు. ఆ తిరుగు ప్రయాణంలోనే మధ్యధరా సముద్రపు నీలిమను చూచి, వెలుగు అణువులపై పడి చెదరిపోవడాన్ని గురించి ఆయన ఆలోచించసాగినాడన్నది విద్యార్థులందరు ఎరిగిన కథయే.

గోడ పట్టి పాకే గుసగుస ఒక వైపు, రేణువుపై పడి చెదరే వెలుగు ఒక వైపు. ఈ రెండింటిని కలిపి ఒక ప్రశ్న వేయవచ్చును. ధ్వనిని గుమ్మటం పట్టి ఉంచినట్లు, వెలుగును ఒక చిన్న రేణువు పట్టి ఉంచగలదా?

రేణువు కొంచెం పెద్దదైతే ఉంచగలదు. నునుపైన గాజుపూస లోపల వెలుగు గోడ వెంబడి తిరుగుతుంది. పాఠశాలలో చెప్పుకొనే సంపూర్ణాంతర పరావర్తనం దానిని మాటిమాటికి లోపలికే తిప్పి పంపుతుంది. 1989లో మాస్కో నగరంలో బ్రగీన్‌స్కీ, ఆయన సహచరులు ఇట్టి గాజుపూసలలో వెలుగును తిప్పి, దాని శక్తి చాలవరకు కరిగిపోయే లోపల సుమారు పది కోట్ల మారులు ఊగే స్థితిని సాధించినారు. ఒక తరంగం చనిపోయేలోపల ఎన్ని మారులు ఊగుతుందో తెలిపే ఈ సంఖ్యనే శాస్త్రజ్ఞులు ‘క్యూ’ అంటారు. తెలుగులో దీనిని అనునాద తీక్ష్ణత అని చెప్పుకొనవచ్చును. చెక్కబల్లను తట్టితే వచ్చే చప్పుడు అప్పుడే ఆరిపోతుంది. దాని తీక్ష్ణత స్వల్పం. దేవాలయపు గంట చాలసేపు మ్రోగుతుంది. దాని తీక్ష్ణత అధికం. ఎంత ఎక్కువసేపు మ్రోగితే స్వరం అంత నిక్కచ్చిగా ఉంటుంది. అట్టి స్వరంలో వెంట్రుకవాసి మార్పు వచ్చినను వెంటనే పసిగట్టవచ్చును.

అయితే ఆ గాజుపూసలు వెలుగు దృష్టిలో కొండలవంటివి. మిల్లీమీటరులో పదిలక్షవ వంతు నానోమీటరు. కంటికి కనిపించే వెలుగు తరంగదైర్ఘ్యం సుమారు 400 మొదలు 700 నానోమీటర్ల వరకు ఉంటుంది. గాజుపూస చుట్టుకొలతలో అట్టి తరంగాలు వందలకొలది ఇముడుతాయి. కనుక దాని వంపు వెలుగుకు ఇంచుమించు తిన్నని గోడవలెనే తోస్తుంది. అదే పూసను తరంగదైర్ఘ్యమంతకు కుదించినామంటే, ఇక కిరణమన్న మాటకు అర్థమే ఉండదు. పరావర్తన సూత్రం చెల్లదు. గోడ అన్నది లేకుండ పోతుంది. ఎత్తైన అల చిన్న గిన్నెలో ఇమడనట్లు, వెలుగు నలుదిక్కుల ఒలికిపోతుంది.

అంత చిన్న రేణువులపై వెలుగు పడినప్పుడు జరిగే సంగతిని సంపూర్ణంగా లెక్కకట్టినవాడు జర్మనీ దేశస్థుడు గుస్టావ్ మీ. నీటిలో తేలే సన్నని బంగారు రేణువులు పసుపుపచ్చగా గాక ఎర్రగా ఎందుకు కనిపిస్తాయన్న ప్రశ్నతో బయలుదేరి, 1908లో ఆయన ఏ గోళానికైనను వర్తించే గణితాన్ని సిద్ధం చేసినాడు. ప్రతి గోళానికిని దాని పరిమాణాన్నిబట్టి, పదార్థాన్నిబట్టి కొన్ని ఇష్టమైన స్వరాలున్నవని ఆ గణితం చెప్పుతుంది. వీణపై ఒక తీగను మీటితే దానితో శ్రుతి కలిసిన పక్కతీగ తానుగా పలికినట్లే, తన స్వరానికి సరిపోయిన వెలుగు తగిలినప్పుడు రేణువు బలంగా స్పందిస్తుంది. అదే అనునాదం.

బంగారం, వెండి వంటి లోహాలు వెలుగును ఎంత చిన్న చోటనైనను కుదించగలవు. గాని లోహంలోని ఎలక్ట్రానులు ఆ శక్తిని త్వరలోనే వేడిగా మార్చివేస్తాయి. ఇందుకు విరుద్ధమైనవి విద్యున్నిరోధక పదార్థాలు. ఇవి విద్యుత్తును పారనీయవు. తమకు తగిన వెలుగును మింగవు. అర్ధవాహకమైన సిలికాన్‌గూడ పరారుణ కాంతి విషయంలో ఇట్లే ప్రవర్తిస్తుంది. పైగా దాని వక్రీభవన గుణకం గాజుకు రెండింతలకు పైబడినది. అనగా దాని లోపల వెలుగు తరంగాలు బాగా ముడుచుకొంటాయి. చిన్న రేణువులోనైనను ఇముడుతాయి. 2012లో జర్మనీలోను సింగపూరులోను శాస్త్రజ్ఞులు సిలికాన్ రేణువులను సూక్ష్మదర్శిని క్రింద పరిశీలించినారు. 100 మొదలు 200 నానోమీటర్ల వ్యాసం గల ఆ రేణువులలో చిన్నవి నీలంగాను, వాటికన్న పెద్దవి పచ్చగాను పసుపుగాను, మరింత పెద్దవి ఎర్రగాను మెరిసినవి. ఏ రంగునద్దకయే, పరిమాణ భేదం చేతనే అన్ని వన్నెలు కలిగినవి.

రంగులు వచ్చినవి గాని తీక్ష్ణత రాలేదు. ఇంత చిన్న రేణువులలో వెలుగు కొద్ది మారులు ఊగి బయటికి జారిపోయినది. లోహం వెలుగును మింగుతుంది. సిలికాన్ దానిని ఒలకబోస్తుంది. గోడలు కట్టుటకు చోటు లేని ఇంటిలో వెలుగును నిలుపుట ఎట్లు?

దీనికి సమాధానం ప్రతి ఉన్నత పాఠశాల ప్రయోగశాలలోను ఉన్నది. శ్రుతిదండాన్ని రబ్బరుమీద కొట్టి చేతితో పట్టుకొంటే చాలసేపు కంపిస్తూ ఉంటుంది. మెత్తని చేయి దాని కాడను గట్టిగా పట్టుకొన్నను కంపనం ఆగదు. ఒకే కడ్డీని అట్లే పట్టుకొని కొట్టితే కంపనం చేతిలోనికి దిగి త్వరలోనే చచ్చిపోతుంది. భేదమేమి? శ్రుతిదండానికి రెండు భుజాలున్నవి. ఒకటి కుడికి పోయినప్పుడు రెండవది ఎడమకు పోతుంది. ఒకటి కాడను ఒక వైపు నెట్టితే రెండవది అంతే బలంతో ఎదురు వైపు నెట్టుతుంది. రెండు నెట్టుళ్లు సరిసమానమై రద్దుకాగా కాడ ఇంచుమించు నిశ్చలంగా ఉండిపోతుంది. శక్తి బయటికి పోకుండ ఆపుతున్నది గోడ కాదు, మూత కాదు. తప్పించుకొనే రెండు దారులు ఒకదానినొకటి మూసివేసుకొంటున్నవి.

ఈ ఊహను పరమాణు ప్రపంచంలో తుదివరకు నడిపించినవారు ఇద్దరు హంగరీ యువకులు. జాన్ వాన్ నోయ్‌మన్ 1903లోను, యూజీన్ విగ్నర్ 1902లోను బుడాపెస్ట్ నగరంలో జన్మించినారు. అక్కడి లూథరన్ ఉన్నత పాఠశాలలో ఒక ఏడాది ముందువెనుకలుగా చదువుకొన్నారు. ఇద్దరికిని గణితం చెప్పినవాడు లాస్లో రాట్జ్ అనే ఉపాధ్యాయుడు. నోయ్‌మన్ బుద్ధివిశేషాన్ని తొలుతనే కనిపెట్టి, ఈ బాలునికి పాఠశాల గణితం చాలదని తండ్రితో చెప్పి, విశ్వవిద్యాలయపు పండితులచేత చదువు చెప్పించే ఏర్పాటు చేయించినవాడాయన. 1963లో నోబెల్ బహుమానం అందుకొన్న విగ్నర్ తన వార్ధక్యంలోగూడ ఆ ఉపాధ్యాయుని పేరు భక్తితో తలచుకొనేవాడు.

1929లో ఈ ఇద్దరు కలిసి ఒక చిన్న వ్యాసం వెలువరించినారు. పారిపోవుటకు చాలినంత శక్తి ఉండిగూడ పారిపోక నిలిచిపోయే ఎలక్ట్రాను ఉండగలదని అందులో గణితంతో నిరూపించినారు. తలుపులు తెరిచి ఉన్నవి. కాళ్లలో సత్తువ ఉన్నది. అయినను ఖైదీ కదలడు. బయటికి పోజూచిన ప్రతి తరంగాన్ని ఇంకొక తరంగం సరిగా రద్దుచేయడమే అందుకు కారణం. లెక్కలో తప్పు లేదు. గాని అందుకు కావలసిన బలక్షేత్రం అనంతదూరం వరకు ఒక వింత పద్ధతిలో ఒడుదుడుకులుగా సాగవలెను. అట్టి అమరికను ఎవరు కట్టగలరు? ఆ వ్యాసం చాలకాలం గణితజ్ఞుల వినోదంగానే మిగిలిపోయినది.

1985లో జర్మనీకి చెందిన ఫ్రీడ్రిక్, వింట్‌గెన్ అనే శాస్త్రజ్ఞులు దీనికి సుగమమైన మార్గం చూపినారు. ఒకే వ్యవస్థలో రెండు అనునాదాలున్నవనీ, రెండును ఒకే దారిన బయటికి కారుతున్నవనీ అనుకొనవలెను. వ్యవస్థ కొలతలను కొంచెం కొంచెంగా మార్చుతూ ఆ రెండింటి స్వరాలను దగ్గరకు చేర్చితే అవి కలిసిపోయి రెండు క్రొత్త స్థితులుగా ఏర్పడుతాయి. ఒక స్థితిలో రెండు కారుడులు తోడై, కారుట రెట్టింపవుతుంది. రెండవ స్థితిలో అవి ఎదురెదురై రద్దవుతాయి. మొదటిది ఇద్దరి నష్టాన్ని తానే మోయగా రెండవది నిలుస్తుంది. తరంగమన్న ప్రతిదానికిని చెల్లే సంగతి కనుక ఇది ఎలక్ట్రానుకెంత నిజమో వెలుగుకును అంతే నిజం.

2013లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో, క్రమంగా రంధ్రాలు చేసిన సిలికాన్ నైట్రైడ్ పలకపై దీనిని వెలుగుతో నిరూపించినారు. అన్ని విధాల బయటికి పోదగిన వెలుగు ఒక ప్రత్యేకమైన కోణంలో మాత్రం పోక, పలకలోనే నిలిచినది. నోయ్‌మన్, విగ్నర్ల వ్యాసం వెలువడి అప్పటికి 84 సంవత్సరాలు. కాని పలక విశాలమైనది. ఒంటరి రేణువు మాట ఏమి?

గణితం ఇక్కడ నిష్కర్షగా ఒక సంగతి చెప్పుతుంది. పరిమితమైన ఆకారం గల విద్యున్నిరోధక రేణువులో వెలుగును సంపూర్ణంగా బంధించుట సాధ్యం కాదు. ఎంతో కొంత కారితీరవలెను. అయితే ఎంత తగ్గించవచ్చును? గుండ్రని బిళ్ల వంటి రేణువులో వ్యాసానికి ఎత్తుకుగల నిష్పత్తిని సరిచూచుకొంటే, రెండు అనునాదాలు కలిసి కారుటను చాలవరకు రద్దుచేసుకొంటాయని రష్యా, ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు 2017లో లెక్కకట్టి చూపినారు. ఆస్ట్రేలియా జాతీయ విశ్వవిద్యాలయంలోని యూరీ కివ్‌షార్ బృందం కొరియా మొదలైన దేశాల సహచరులతో కలిసి 2020లో దీనిని ప్రయోగంలో సాధించినది. అల్యూమినియం గాలియం ఆర్సెనైడ్ అనే స్ఫటికంతో చేసిన ఆ బిళ్ల ఎత్తు సుమారు 635 నానోమీటర్లు. వ్యాసం ఒక మిల్లీమీటరులో వేయవవంతు కన్న తక్కువ. తల వెంట్రుక అడ్డుకోత మీద ఇట్టి బిళ్లలను వేలకొలది పేర్చవచ్చును.

ఆ బిళ్లలో సాధించిన తీక్ష్ణత సుమారు 190. మాస్కో గాజుపూసల పది కోట్ల ముందు ఇది అల్పమే. కాని ఒక సంగతి గమనించవలెను. ఆ వెలుగు తరంగదైర్ఘ్యం సుమారు 1,600 నానోమీటర్లు. బిళ్ల అంతకన్న చిన్నది. తనకన్న చిన్నదైన ఇంటిలో ఆ వెలుగు సుమారు 190 మారులు ఊగినది. అంతసేపట్లో శూన్యంలోనైతే అది మిల్లీమీటరులో మూడవవంతు దూరం, అనగా బిళ్ల వ్యాసానికి మూడువందల రెట్లు, పరుగెత్తిపోయి ఉండేది. ఇట్లు నిలిచినందువలన దాని బలం లోపల పేరుకొన్నది. ఆ బలంతో స్ఫటికం కంటికి కనిపించని పరారుణ కాంతిని పుచ్చుకొని, దాని తరంగదైర్ఘ్యాన్ని సగం చేసి, దృశ్యకాంతి పొలిమేరలోని ఎర్రని వెలుగుగా మార్చి పంపినది. అంతకు పూర్వం ఒంటరి రేణువులలో సాధించినదానికన్న ఈ మార్పిడి చాల అధికం.

ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. అదియే ఈ కథలోని సారం. లోపలినుండి బయటికి రానేరాని వెలుగు బయటినుండి లోపలికిని పోనేపోదు. దారి ఒకటే, మూత పడితే రెండు వైపులను పడుతుంది. సంపూర్ణమైన బంధం సాధించినామంటే ఆ ఇంటిలో దీపం వెలిగించుటకే వీలుండదు. అట్టి అనునాదం ఉన్నను లేనట్లే. దానిని ఎవరును చూడలేరు, వాడలేరు. కనుక ప్రయోగశాలలో కావలసినది లోపమే లేని బంధం కాదు. కొలిచి ఉంచిన లోపం.

ఆ కొలతకు సూత్రం 2018లో దొరికినది. సౌష్ఠవం గల రేణువులను వరుసలుగా పేర్చినప్పుడు ఎదురెదురు కారుడులు సరిగా రద్దవుతాయి. రేణువులను కొంచెం వాల్చినను, ఒకదానిని కొంచెం పొట్టిచేసినను, ఆ సౌష్ఠవం చెడి సన్నని సందు ఏర్పడుతుంది. చెడగొట్టిన పరిమాణాన్ని సగం చేస్తే తీక్ష్ణత నాలుగు రెట్లవుతుంది. పదోవంతు చేస్తే నూరు రెట్లవుతుంది. వాస్తవంలో స్ఫటికపు గరుకుదనం, పదార్థం మింగే స్వల్పమైన వెలుగు దీనికి ఒక హద్దు గీస్తాయి. ఆ హద్దు లోపల మాత్రం ఎంత సందు కావలెనో అంత తెరుచుకొనవచ్చును.

అదే సంవత్సరం స్విట్జర్లాండులోని లొసాన్ నగరపు సాంకేతిక విద్యాసంస్థలో హతీజే అల్తుగ్ బృందం ఈ సూత్రాన్ని ఉపయోగానికి తెచ్చినది. సిలికాన్‌తో చేసిన కోడిగ్రుడ్డు ఆకారపు చిన్న పలకలను జంటలుగా, ఒకటి ఇటు, ఒకటి అటు కొంచెం వాల్చి వరుసలు తీర్చినారు. ఇట్టి వరుసలు గల 100 గళ్లను ఒక ఫలకంపై అమర్చి, ఒక్కొక్క గడికి ఒక్కొక్క స్వరం కేటాయించినారు. ప్రోటీను వంటి ప్రతి పదార్థపు అణువులును కొన్ని పరారుణ స్వరాలనే ప్రత్యేకించి మింగుతాయి. ఫలకంపై అట్టి పదార్థపు పలుచని పొర పడగానే, ఆ స్వరాలు గల గళ్లు వెలవెలబోతాయి. తక్కినవి మునుపటివలెనే ఉంటాయి. ఏ గడి ఎంత తగ్గినదో పటం తీసి చూస్తే అదే ఆ పదార్థపు వేలిముద్ర. పెద్ద వర్ణపటమాపకం లేకుండగనే పదార్థాన్ని గుర్తించే మార్గమిది. గళ్ల స్వరాలు మొద్దుగా ఉండినట్లయితే పక్కపక్క గళ్లన్నియు ఒక్కటిగానే మసకబారి ఉండేవి. తీక్ష్ణత విలువ ఇక్కడ తెలుస్తుంది. మరి ఆ గళ్లలోనికి పరారుణ కాంతిని రానిచ్చినది పలకల వాలు. అనగా బుద్ధిపూర్వకంగా ఉంచిన లోపం.

ఈ సంగతిని తరగతిలో చూపుటకు సిలికాన్ రేణువులు అక్కరలేదు. మ్రోగుతున్న శ్రుతిదండాన్ని గాలిలో ఎత్తి పట్టితే వెనుక బల్లలవారికి వినిపించదు. కాడను బల్లపై ఆనించగానే గదియంతయు వింటుంది. భుజాల నెట్టుళ్లు పూర్తిగా రద్దై కాడ బొత్తిగా కదలకపోయినట్లయితే బల్ల మ్రోగదు. పైకి క్రిందికి అది కదిలే ఆ రవంత కదలికయే లోపలి స్వరాన్ని బయటికి చేర్చుతున్నది. ఎక్కువసేపు నిలుపుకొనుట, కొంచెం కొంచెంగా ఇచ్చుట అనే రెండు పనులును ఒకే పనిముట్టులో ఇమిడినవి.

లాస్లో రాట్జ్ 1930లో కన్నుమూసినాడు. శిష్యులిద్దరి వ్యాసం వెలువడి అప్పటికి ఏడాది మాత్రమే. నోయ్‌మన్ 1957లోను, విగ్నర్ 1995లోను మరణించినారు. తాము కాగితంపై నిలిపిన ఎలక్ట్రానుకు తోబుట్టువైన వెలుగు ఒక పలకలో నిజంగా నిలిచిన దినాన్ని ముగ్గురిలో ఎవరును చూడలేదు. ఆ వ్యాసానికి ప్రయోజనమేమని 1929లో ఎవరైన అడిగి ఉంటే చూపుటకు ఏమియు లేదు. లెక్క సరియైనదన్న ఒక్క బలంతోనే అది 84 ఏండ్లు నిలిచియున్నది.